కారు లైసెన్సుతో జేసీబీని రోడ్డెక్కించొచ్చా? వెంట తీసుకెళ్లే డీజిల్ సంగతేంటి?

మీ ప్రశ్నను కుదించి చెప్తాను, నేను సరిగ్గా అర్థం చేసుకున్నానో లేదో చూడండి. మీకు కారు లైసెన్సు ఉంది. పక్క రాష్ట్రం నుంచి సెకండ్ హ్యాండ్ బ్యాక్‌హో లోడర్, అంటే మనం జేసీబీ అనేది, కొన్నారు. పని దొరికిన ఊరికల్లా 15–20 కిలోమీటర్లు రోడ్డు మీద మీరే నడుపుకుంటూ వెళ్లాలనుకుంటున్నారు. మూడు డ్రమ్ముల డీజిల్‌ని ట్రాక్టర్ ట్రాలీలో వెనకాల పంపిద్దామనుకుంటున్నారు. ఎవరో ‘ఇండస్ట్రియల్ ఆయిల్’ చవగ్గా ఇస్తామన్నారు, పోయొచ్చా అని అడిగారు. పొలం పనులకు రాయితీ డీజిల్ ఏమైనా ఉందా అని కూడా అడిగారు.

సూటిగా జవాబు: కారు లైసెన్సుతో రోడ్డెక్కించొద్దు. జేసీబీకి సరిపోయే వాహన క్లాసుని మీ లైసెన్సులో చేర్పించుకోండి. మూడు డ్రమ్ములు, అంటే 600 లీటర్ల డీజిల్ దగ్గర ఉంచుకోవడానికి పెట్రోలియం లైసెన్సు అక్కర్లేదు, కానీ ట్రాక్టర్ ట్రాలీలో పంపొద్దు. ఇండస్ట్రియల్ ఆయిల్ జోలికి అసలు పోవద్దు. బంకులో ట్రాక్టరుకైనా జేసీబీకైనా కారుకైనా డీజిల్ ఒకటే, రేటూ ఒకటే.

ఇప్పుడు ఒక్కొక్కటీ ఎందుకో చెప్తాను.

ముందు అది చట్టం దృష్టిలో ఏ బండి?

కేంద్ర మోటారు వాహన నియమాలు 1989లో రూల్ 2(సీఏ) ‘కన్‌స్ట్రక్షన్ ఎక్విప్‌మెంట్ వెహికల్’ అంటే ఏమిటో చెబుతుంది. రబ్బరు టైర్లున్న ఎక్స్‌కవేటర్, లోడర్, బ్యాక్‌హో, గ్రేడర్, మొబైల్ క్రేన్, ఫోర్క్‌లిఫ్ట్, రోలరు వంటివి ఇందులోకి వస్తాయి. అక్కడే ఇంకో మాట ఉంది: ఇది నాన్-ట్రాన్స్‌పోర్ట్ వాహనం, దాని అసలు పని రోడ్డు బయట, రోడ్డు మీద నడవడం ఆ పనికి తోడుగా కొద్దిసేపే, అదీ గంటకు 50 కిలోమీటర్లు దాటకుండా.

దీని నుంచి రెండు విషయాలు తేలతాయి. లారీకి కావాల్సినట్టు దీనికి గూడ్స్ పర్మిట్ అక్కర్లేదు. కానీ పర్మిట్ అక్కర్లేదంటే రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్, లైసెన్సు కూడా అక్కర్లేదని కాదు. ఈ రెంటినీ కలిపేసుకుని ‘ఇది మిషన్ అండీ, బండి కాదు’ అనేవాళ్లు చాలామంది. సుప్రీంకోర్టు 2001లోనే బోస్ అబ్రహాం కేసులో ఎక్స్‌కవేటర్లూ రోడ్డు రోలర్లూ మోటారు వాహనాలేనని తేల్చేసింది.

దీనికి మినహాయింపు ఒక్కటే: ప్రహరీ దాటని మిషన్. విశాఖ స్టీల్ ప్లాంట్ లోపలి యార్డులో మాత్రమే తిరిగిన వాహనాలకు మోటారు వాహన పన్ను వర్తించదని సుప్రీంకోర్టు 2025లో తీర్పిచ్చింది, ఎందుకంటే జనం రాకపోకలు లేని ఆ యార్డు పబ్లిక్ ప్లేస్ కాదు. మీరు ఊరి రోడ్ల మీద తిరుగుతారు కాబట్టి ఆ తీర్పు మీకు పనికిరాదు. చైను మిషన్ల సంగతి వేరు. ఇనప చైను మీద నడిచేవి రోడ్డు మీద సొంతంగా వెళ్లకూడదు, ట్రైలర్ మీదే వెళ్లాలి. ఆ ట్రైలర్ లాగే బండి గూడ్స్ వాహనం, దాని పర్మిట్, ఫిట్‌నెస్, డ్రైవరు లైసెన్సు అన్నీ విడిగా ఉండాలి.

లైసెన్సు

మోటారు వాహనాల చట్టం 1988, సెక్షన్ 10లో లైసెన్సు క్లాసులున్నాయి: గేరున్న బైకు, లేని బైకు, లైట్ మోటార్ వెహికల్, ట్రాన్స్‌పోర్ట్, రోడ్ రోలర్, చివర్న ‘ప్రత్యేకంగా పేర్కొన్న రకం వాహనం’. జేసీబీ ఆ చివరి దాంట్లోకి వస్తుంది. సారథి పోర్టల్‌లో, అంటే లైసెన్సులకి అప్లై చేసే ప్రభుత్వ వెబ్‌సైటులో, అప్లై చేసేటప్పుడు లోడర్ లేదా ఎక్స్‌కవేటర్, క్రేన్, ఫోర్క్‌లిఫ్ట్, కన్‌స్ట్రక్షన్ ఎక్విప్‌మెంట్ అని విడివిడి పేర్లు కనిపిస్తాయి. మీ మిషన్‌కి సరిపోయేది ఎంచుకోవాలి. క్రేన్ క్లాసుతో బ్యాక్‌హో నడిపినా అది తప్పుడు క్లాసే.

ఇక్కడ రెండు వాదనలు మీ చెవిన పడతాయి. మొదటిది: ‘బ్యాక్‌హో బరువు ఏడున్నర టన్నుల లోపే, లైట్ మోటార్ వెహికల్ పరిమితి 7,500 కిలోలు, కాబట్టి కారు లైసెన్సు చాలు.’ చట్టంలో ఆ నిర్వచనం కారుకీ, ట్రాక్టరుకీ, రోడ్ రోలరుకీ, ట్రాన్స్‌పోర్ట్ వాహనానికీ వర్తిస్తుంది. అందులో కన్‌స్ట్రక్షన్ ఎక్విప్‌మెంట్ పేరు లేదు. పైగా మీ మిషన్‌కి రాక్ బ్రేకర్ లాంటి అటాచ్‌మెంట్ తగిలిస్తే ఆ బరువు కూడా దాటిపోవచ్చు.

రెండోది: ‘2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం కారు లైసెన్సుతో కమర్షియల్ బండి నడపొచ్చని చెప్పింది కదా.’ చెప్పింది, కానీ అది 7,500 కిలోల లోపు ట్రాన్స్‌పోర్ట్ వాహనాల గురించి. గూడ్స్ ఆటో, చిన్న పికప్, ట్యాక్సీ లాంటివి. మీది ట్రాన్స్‌పోర్ట్ వాహనమే కాదు. ఆ తీర్పును పట్టుకుని ప్రమాద పరిహారం తేల్చే ట్రిబ్యునల్‌లో వాదించే పని లాయరుకు వదిలేయండి, మీరు క్లాసు చేర్పించుకుంటే అసలు వాదనే అక్కర్లేదు.

చేర్పించుకునే దారి ఇదీ: సారథిలో మొదట ఆ క్లాసుకి లెర్నర్స్ లైసెన్సు. వయసు నలభై దాటితే ఫారం 1ఏ మెడికల్ సర్టిఫికెట్ కావాలి. లెర్నర్స్ వచ్చిన 30 రోజుల తర్వాత, ఆరు నెలలు నిండే లోపు, డ్రైవింగ్ టెస్టుకి స్లాట్ బుక్ చేసుకోవాలి. టెస్టు ఆ రకం బండి మీదే జరుగుతుంది కాబట్టి మిషన్‌ని ట్రాక్‌కి తీసుకెళ్లాలి, దాని ఆర్‌సీ, ఇన్సూరెన్సు అప్పటికి చెల్లుబాటులో ఉండాలి.

ఇందులో ఒక మెలిక ఉంది. లెర్నర్ పక్కన లైసెన్సున్న మనిషి బండిని ఆపగలిగే చోట కూర్చోవాలని రూల్ 3 చెబుతుంది. బ్యాక్‌హో క్యాబిన్‌లో సీటు ఒక్కటే. అంటే లెర్నర్స్ చేతిలో ఉన్నా రోడ్డు మీద ప్రాక్టీసుకి వీల్లేదు. ప్రాక్టీసు మూసి ఉన్న స్థలంలో చెయ్యండి, టెస్టుకి మిషన్‌ని ఆ క్లాసు లైసెన్సున్న ఆపరేటరుతో పంపండి.

ఆపరేటర్ ట్రైనింగ్ సర్టిఫికెట్ ఉందని దీమాగా ఉండేవాళ్లూ ఉన్నారు. ఆ శిక్షణ నిజంగా మంచిది, పెద్ద కాంట్రాక్టర్లు అడుగుతారు కూడా. కానీ రోడ్డు మీద ఆపితే చూపించాల్సింది లైసెన్సే.

అసలు భయపడాల్సింది చలాన్‌కి కాదు

లైసెన్సు లేకుండా నడిపితే సెక్షన్ 181 కింద చట్టంలో 5,000 రూపాయలు లేదా మూడు నెలల జైలు, లేదా రెండూ. లైసెన్సు లేనివాడి చేతికి బండి ఇచ్చిన యజమానికి సెక్షన్ 180 కింద విడిగా మరో 5,000. ఇవి కట్టేసి బయటపడొచ్చు. కట్టలేనిది ప్రమాదంలో మనిషి పోతే వచ్చే పరిహారం.

ఇలాంటి కేసుల్లో జరిగేది ఇదీ. ట్రిబ్యునల్ ముందు ఇన్సూరెన్స్ కంపెనీ చూసే మొదటి కాగితం డ్రైవరు లైసెన్సు. క్లాసు తప్పని తేలితే, బాధితుల కుటుంబానికి డబ్బు ముందు కంపెనీ చేత కట్టించి, తర్వాత దాన్ని యజమాని నుంచి వసూలు చేసుకోమని ఆర్డరు వచ్చే అవకాశం ఎక్కువ. 2004లో స్వరణ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు యజమానికి ఒక వెసులుబాటు ఇచ్చింది: డ్రైవరు లైసెన్సు విషయంలో యజమాని తగిన జాగ్రత్త తీసుకున్నాడా లేదా అన్నది చూడాలని చెప్పింది. కానీ మీ విషయంలో యజమానీ డ్రైవరూ ఒక్కరే. ‘నాకు తెలియదు’ అనడానికి మీకు చోటే లేదు. నేను ఇంత గట్టిగా వద్దంటున్నది అందుకే.

ఇన్సూరెన్స్ పాలసీలో చూడాల్సిన ఒక లైను

జేసీబీలు, క్రేన్లు, బోరు రిగ్గులు ‘మిసిలేనియస్’, అంటే ఇతర రకాల వాహనాల, తరగతి పాలసీలోకి వస్తాయి. ఆ పాలసీ వెనక పేజీల్లో ఐఎంటీ 47 (ఇండియన్ మోటార్ టారిఫ్‌లో 47వ నంబరు) అనే షరతు ఉందేమో చూడండి. దాని సారం ఏంటంటే, మిషన్ పని చేస్తుండగా, అంటే తవ్వుతూనో ఎత్తుతూనో, తిరగబడితే మిషన్‌కి జరిగిన నష్టానికి కంపెనీ బాధ్యత లేదు. అదనపు ప్రీమియం కడితే ఆ మినహాయింపు తీసేస్తారు. కాలవ గట్టు మీద ఒక పక్క కాలు జారి బ్యాక్‌హో పడిపోవడం ఈ పనిలో మామూలుగా జరిగే ప్రమాదం. చాలామందికి ఈ లైను ఉందని క్లెయిమ్ తిప్పికొట్టాకే తెలుస్తుంది. రెన్యువల్ అప్పుడు ఏజెంటుని పేరు పెట్టి అడగండి: ‘ఓవర్‌టర్నింగ్ కవర్ అయిందా?’

మీది సెకండ్ హ్యాండ్ కాబట్టి ఇంకోటి. పేరు మారేటప్పుడు థర్డ్ పార్టీ కవర్ కొన్నవాడికి దానంతట అదే వర్తిస్తుందని సెక్షన్ 157 చెబుతుంది. ఓన్ డ్యామేజ్ కవర్, అంటే మీ మిషన్‌కే జరిగే నష్టానికి ఇచ్చేది, అలా రాదు, కొన్న 14 రోజుల్లో కంపెనీకి రాసి పాలసీ మీ పేరు మీదికి మార్పించుకోవాలి. ఆర్‌సీకి ఫారం 29, 30 నింపాలి. పక్క రాష్ట్రం బండి అయితే అక్కడి ఆర్టీవో ఇచ్చే ఎన్‌ఓసీ, అంటే ఫారం 28, చేతికి రాకుండా మొత్తం డబ్బు ఇవ్వకండి. ఫైనాన్స్ పూర్తిగా తీరని మిషన్లకు ఎన్‌ఓసీ ఆగిపోతుంది, అప్పుడు మిషన్ మీ దగ్గరా కాగితాలు వాళ్ల దగ్గరా ఉండిపోతాయి. ఛాసిస్ నంబరు ప్లేటు మీదా ఫ్రేము మీదా ఒకటేనా అన్నది కూడా అక్కడే, డబ్బు ఇచ్చే ముందే, గుడ్డతో గ్రీజు తుడిచి చదవండి.

రోడ్డెక్కే ముందు మిషన్ దగ్గర

కాగితాల కన్నా ఇక్కడ పొరపాటుకే మనుషులు పోతారు, అందుకని వివరంగా.

బ్యాక్‌హోకి బ్రేక్ పెడళ్లు రెండుంటాయి, ఎడమ చక్రానికొకటి, కుడి చక్రానికొకటి. మెత్తటి నేలలో పక్కకి తిరగడానికి విడివిడిగా తొక్కుతారు. రోడ్డెక్కే ముందు ఆ రెంటినీ కలిపే పట్టీని తప్పనిసరిగా వెయ్యాలి. అది వెయ్యకుండా 35 కిలోమీటర్ల వేగంలో కాలు ఒక్క పెడల్ మీద పడిందంటే ఒక వెనక చక్రమే పట్టుకుంటుంది, బండి ఆ పక్కకి గిర్రున తిరిగి ఎదుటి లైనులోకి వెళ్తుంది. ట్రాక్టర్లకీ ఇదే సంగతి.

తర్వాత వెనక బూమ్, అంటే తవ్వే బకెట్‌ని మోసే పొడుగాటి చెయ్యి. దాన్ని మధ్యకి తెచ్చి పూర్తిగా మడిచి, బూమ్ లాకు, స్వింగ్ లాకు పిన్ను వెయ్యాలి. హైడ్రాలిక్ ప్రెషర్ ఆపుతుందిలే అని వదిలేస్తే, పాత మిషన్లలో సీళ్లు కారి బూమ్ మెల్లగా పక్కకి జరుగుతుంది, మలుపులో కరెంటు స్తంభానికో బైకు మీద వెళ్లేవాడికో తగులుతుంది. స్టెబిలైజర్ కాళ్లు పూర్తిగా పైకెత్తి లాకు చెయ్యండి.

ముందు బకెట్ ఖాళీగా, నేలకి జానెడు నుంచి మూరెడు ఎత్తులో ఉండాలి. మరీ కిందికి ఉంటే స్పీడ్ బ్రేకరుకి తగిలి పళ్లు వంగుతాయి, మరీ పైకి ఉంటే మీకు రోడ్డు కనపడదు, హెడ్‌లైటు వెలుగు బకెట్ వీపు మీదే పడి ఆగిపోతుంది. పళ్లకి ఇనప గార్డో, కనీసం కట్టి బిగించిన పాత టైరు ముక్కో ఉండాలి. బకెట్లో మనిషిని కూర్చోబెట్టి తీసుకెళ్లడం ఊళ్లలో రోజూ కనిపిస్తుంది. ఒక్క కిలోమీటరుకైనా సరే, వద్దు. వాడికి ఏమైనా అయితే మిషన్ పాలసీ డబ్బు ఇస్తుందని నమ్మకం లేదు.

రాత్రి వెళ్లాల్సి వస్తే వెనక వర్క్ లైట్లు ఆర్పెయ్యండి. అవి వెనక వచ్చేవాడి కళ్లలో కొడతాయి, ఎర్ర టెయిల్ లైటు కనపడదు. మిషన్ వెడల్పు 2.6 మీటర్లు దాటితే రూల్ 93 ప్రకారం ఆ దాటిన భాగానికి ముందూ వెనకా పసుపు, నలుపు చారలు వేసి, రాత్రిపూట ఎర్ర దీపాలు పెట్టాలి. ట్రావెల్ మోడ్‌లో, అంటే అన్నీ మడిచి రోడ్డు మీద నడిచేటప్పుడు, వెడల్పు 3 మీటర్లకు మించకూడదు. నేషనల్ హైవే టోల్ ప్లాజా దారిలో ఉంటే భారీ నిర్మాణ యంత్రాలకు ప్రత్యేక తరగతి రేటు ఉంటుంది, అది కారు రేటుకి చాలా దూరం. దగ్గర దూరమైతే పాత ఊరి రోడ్డే మేలు.

డీజిల్

పెట్రోలియం చట్టం 1934 డీజిల్‌ని క్లాస్ బీలో పెడుతుంది. సెక్షన్ 7 ప్రకారం ఒక చోట మొత్తం 2,500 లీటర్లు దాటకుండా, ఏ ఒక్క పాత్రా 1,000 లీటర్లు మించకుండా ఉంటే నిల్వకీ రవాణాకీ ఆ చట్టం కింద లైసెన్సు అక్కర్లేదు. మీ మూడు డ్రమ్ములు 600 లీటర్లు, కాబట్టి ఆ వైపు ఇబ్బంది లేదు. పెట్రోలుకి ఇదే లెక్క అనుకోకండి. అది క్లాస్ ఏ, అమ్మకానికి కాకుండా ఉంచుకునే హద్దు 30 లీటర్లే. ఇంకా ట్రాలీ మీద 2,000 లీటర్ల ట్యాంకు వెల్డింగ్ చేయించి, పంపు పెట్టి తిప్పేవాళ్లు ఉన్నారు. అది పాత్ర పరిమితే దాటేసింది, దాంట్లోంచి పక్కవాళ్లకి అమ్మితే నిత్యావసర సరుకుల చట్టం కింద కేసు కూడా.

మరి ట్రాలీ ఎందుకు వద్దన్నాను? వ్యవసాయానికి రిజిస్టరైన ట్రాక్టరూ ట్రాలీ మీ కాంట్రాక్టు పనికి సరుకు మోస్తే వాడకమే మారిపోయింది. ప్రమాదం జరిగితే ఆ ట్రాక్టరు యజమాని, అంటే మీకు సాయం చేసిన మనిషి, చిక్కుల్లో పడతాడు. సరే గూడ్స్ పికప్‌లో పంపుదామంటే, ప్రమాదకర సరుకు మోసే గూడ్స్ బండి డ్రైవరుకి రూల్ 9 ప్రకారం మూడు రోజుల శిక్షణా, లైసెన్సు మీద దాని ఎండార్స్‌మెంటూ, అంటే అనుమతి ముద్రా, ఉండాలి. అందుకని నా సలహా: పని రెండు మూడు వారాలు ఉంటే, సైటు దగ్గరికే వచ్చి పోసే ఆయిల్ కంపెనీ డీలరు బౌజర్‌ని, అంటే పంపున్న చిన్న ట్యాంకరుని, పిలిపించుకోండి. మీటరు ఉంటుంది, బిల్లు ఉంటుంది. చిన్న పనైతే మిషన్ ట్యాంకునే దారిలో బంకులో నింపుకుని వెళ్లండి.

సైటులో డ్రమ్ము పెట్టుకున్నప్పుడు 200 లీటర్ల డ్రమ్ములో 190కి మించి పోయకండి. ఉదయం చల్లని డీజిల్ మధ్యాహ్నానికి 20 డిగ్రీలు వేడెక్కితే 200 లీటర్లకి మూడు లీటర్ల పైచిలుకు పెరుగుతుంది, బిరడా దగ్గర్నుంచి కారుతుంది. డ్రమ్ముని బిరడా వైపు కాస్త ఎత్తుగా, నీడలో పడుకోబెట్టండి. నీళ్లూ మడ్డీ అడుగున చేరతాయి కాబట్టి తోడే పైపు మూతి అడుగు నుంచి మూడు నాలుగు అంగుళాలు పైనే ఆగాలి. అడుగున మిగిలింది వేరే డబ్బాలో తేర్చి చూడండి. గాజు సీసాలో పోసి పావుగంట ఉంచితే కింద నీటి పొర విడిగా కనిపిస్తుంది. మిషన్ ట్యాంకుని పొద్దున కాక సాయంత్రం పని ఆపగానే నింపండి, నిండిన ట్యాంకులో రాత్రి చలికి గోడలకి చెమ్మ పట్టదు.

ఇండస్ట్రియల్ ఆయిల్, కిరోసిన్

‘బయోడీజిల్’, ‘ఇండస్ట్రియల్ ఆయిల్’, ‘బేస్ ఆయిల్’ అని రకరకాల పేర్లతో అమ్ముతారు, లోపల ఏం కలిసిందో, కిరోసిన్ ఉందో లేదో మీకు తెలియదు. చౌక డిపో కిరోసిన్‌కి నీలం రంగు కలిపేదే దారి మళ్లితే తెలియడానికి. 1993 నాటి కిరోసిన్ ఆర్డరు ప్రకారం దాన్ని వంటకీ దీపానికీ తప్ప వాడకూడదు. చట్టం సంగతి పక్కన పెట్టి మిషన్ వైపు చూడండి. 2020 ఏప్రిల్ నుంచి బంకు డీజిల్‌లో గంధకం పది లక్షల భాగాల్లో పది భాగాలకు మించదు. కొత్త ఇంజన్ల పొగ శుద్ధి సామగ్రి ఆ డీజిల్‌ని నమ్ముకునే తయారైంది. ఇంజెక్షన్ పంపు లోపల ఇంధనాన్ని నెట్టే భాగాల్ని డీజిలే తడుపుతుంది. కిరోసిన్ ఆ పని చెయ్యలేదు. పంపు, నాజిళ్లు గీసుకుపోతాయి, మొదట పొద్దున స్టార్టింగ్ కష్టమవుతుంది, తర్వాత లోడ్ పడగానే తెల్ల పొగ, దడ మొదలవుతాయి. అప్పటికి లీటరు మీద మిగిలింది పంపు రిపేరుకి చాలదు.

మీ మిషన్ కొత్త ఉద్గార ప్రమాణాల ఇంజనైతే, అందులో డీఈఎఫ్ (పొగని శుద్ధి చేసే ద్రావణం) ట్యాంకు విడిగా ఉందేమో చూసుకోండి. దాని మూత నీలం రంగులో ఉంటుంది, అందులో పోసేది 32.5 శాతం యూరియా ద్రావణం. పొరపాటున అది డీజిల్ ట్యాంకులో పడితే ఇగ్నిషన్ కీ కూడా తిప్పకండి. తిప్పితే ఫీడ్ పంపు దాన్ని లైన్లలోకి లాగేస్తుంది. ట్యాంకు దించి కడిగితే పోయేది కాస్తా మొత్తం ఫ్యూయల్ సిస్టమ్ మార్చే దాకా పోతుంది.

బంకులో కొలత మీద అనుమానం ఉంటే ఐదు లీటర్ల కొలపాత్ర తెప్పించి పట్టించమని అడిగే హక్కు మీకుంది. 25 మిల్లీలీటర్ల తేడా వరకే అనుమతి. ఒక్కోసారి వంద లీటర్లు పోయించుకునే మీలాంటివాళ్లు అడగాల్సిందే.

మీ ఆర్‌సీలో వెహికల్ క్లాస్ దగ్గర ఏం రాసి ఉందో, పాత పాలసీలో ఐఎంటీ నంబర్లు ఏవేవి ఉన్నాయో చూసి ఇక్కడ రాయండి. నంబర్లూ పేర్లూ కొట్టేసి పెట్టండి. లైసెన్సులో ఏ క్లాసు ఎంచుకోవాలో అది చూసి కచ్చితంగా చెప్తాను.